భార్యతో చెప్పాల్సింది దేవుడితో చెప్పిన మనిషి

భోజనానికి ముందు చేసే ప్రార్థన చరిత్రలో మూడు యుగాలు ఉన్నాయి. మొదటి యుగంలో మా పూర్వీకులు రష్యా మైదానాల్లో జర్మన్ భాషలో నాలుగు ముక్కలు చెప్పి గరిట అందుకునేవారు. రెండో యుగంలో ఓడెక్కి అమెరికాలోని కాన్సస్ వచ్చారు. మిడతలు తినగా మిగిలిన పంటకు కూడా కృతజ్ఞత చెప్పాల్సి రావడంతో ప్రార్థన కొంత సాగింది. మూడో యుగం 1990 జూన్‌లో, ఫ్రీడెన్‌బర్గ్ ఊరికి ఉత్తరాన రెండు మైళ్ల దూరంలో ఉన్న ఒక వంటింట్లో మొదలైంది. ఆ యుగకర్త వెర్లిన్ క్రేబిల్. వృత్తి గోధుమ సేద్యం, పదవి మా మెనొనైట్ క్రైస్తవ సంఘంలో పరిచారకుడు. ఆయన హయాంలో భోజన ప్రార్థన సగటున ఆరు నిమిషాలకు చేరింది. అన్నిటికంటే పొడవైనది పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఆ రోజు హ్యామ్ గ్రేవీ మీద తెట్టు కట్టింది. చరిత్రకారులెవరూ ఇంతవరకు దీన్ని పట్టించుకోలేదు.

పట్టించుకుని ఉంటే ఒక సంగతి తెలిసేది. ఆ ప్రార్థన పొడవుకీ భక్తికీ ఏ సంబంధమూ లేదు. వెర్లిన్‌కి ఎంత కోపం వచ్చిందో ప్రార్థన అంత సాగేది. ఆయన భార్య ఆల్వీనాకి ఈ లెక్క గడియారం చూడకుండానే తెలుసు. రెండు నిమిషాల్లో ముగిస్తే ఆకలి మీద ఉన్నాడు. నాలుగైతే ఊళ్లో ఎవరితోనో చెడింది. ఆరు దాటితే తప్పు ఇంట్లో జరిగింది, చేసింది ఆల్వీనా.

"ప్రభువా, ఈ బల్ల మీది బంగాళాదుంపలకై స్తోత్రం. కొన్ని లోపల గట్టిగా ఉన్నా, గట్టి హృదయాల్నే మెత్తబరిచే నీకు అదొక లెక్క కాదు."

"ప్రభువా, నీ దాసురాలు ఆల్వీనా నిన్న పట్నంలో తన అక్క ఇంట్లో మూడు గంటలు సంతోషంగా గడిపింది. కాలం నీదని, దాన్ని ఖర్చు పెట్టేటప్పుడు నిన్ను అడగాలని మా అందరికీ నేర్పించు."

'మా అందరికీ' అన్నప్పటికి పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయారు, ఆ బల్ల దగ్గర ఉన్నది ఇద్దరే.

దీనికి జవాబు చెప్పడానికి లేదు. దేవుడితో మాట్లాడుతున్న మనిషికి ఎవరు అడ్డొస్తారు? లోకంలో రాజులు కట్టిన కోటలన్నీ ఏదో ఒకనాడు కూలాయి. వెర్లిన్ క్రేబిల్ కోట మాత్రం కూలేది కాదు. తల వంచి, కళ్లు మూసుకుని, చేతులు జోడించి కొట్టే దెబ్బకు ఎదురుదెబ్బ కొట్టే మార్గం ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు.

ఆ మనిషిని ఒక్కణ్నే అనడం న్యాయం కాదు. మా సంఘంలో ఎవరికీ కోపం రాదు. మాకు 'భారం' కలుగుతుంది. పక్కవాడి ఆవులు మన జొన్నచేలో పడితే, "ఎల్డన్, నీ ఆవుల గురించి నా హృదయంలో కొంచెం భారంగా ఉంది," అంటాం. ఆ మాట వినపడగానే కుక్కలు వరండా కిందికి దూరతాయి. నాలుగు వందల ఏళ్లుగా మేము ఆయుధం పట్టలేదు. యుద్ధానికి రమ్మంటే జైలుకి వెళ్లాం. అది నిజంగా గొప్ప సంగతే, అందులో ఎగతాళి లేదు. కాకపోతే తుపాకీ పట్టని చేతులతో తలుపు ఎంత మెల్లగా వేయొచ్చో కూడా మాకు తెలుసు. అవతలివాళ్లకి ఆ రాత్రంతా నిద్ర పట్టనంత మెల్లగా వేస్తాం. దీన్ని సౌమ్యం అని పిలుచుకుంటాం. పిల్లలకి నేర్పిస్తాం. ఆదివారం బడిలో దీనికి బహుమతులు కూడా ఇస్తాం.

వెర్లిన్‌కి ఇది తండ్రి దగ్గర అబ్బింది. జోనాస్ క్రేబిల్ జీవితంలో గొంతు పెంచిన మనిషి కాదు. ఒకసారి భార్య సెల్మా తనని అడగకుండా విత్తనాల యంత్రాన్ని పుట్టింటివాళ్లకి ఎరువిచ్చింది. జోనాస్ పదకొండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. పన్నెండో రోజు పొద్దున, "ఆ జున్ను ఇటు అందించు," అన్నాడు. ఇల్లంతా దాన్ని క్షమాపణ కింద స్వీకరించింది. అప్పుడు వెర్లిన్‌కి ఏడేళ్లు. పెద్దమనిషి అంటే ఎలా ఉండాలో ఆ పన్నెండు రోజుల్లో నేర్చుకున్నాడు.

ఆ ఇంట్లో నవ్వేది సెల్మా ఒక్కతే. కొడుకు ముడుచుకుపోయినప్పుడల్లా చెక్కగరిట తెచ్చి గుండె మీద తట్టి, "లోపల ఏం ఉడుకుతోందిరా?" అనేది. వాడు చెప్పేవాడు. ఎవరైనా తట్టి అడిగితే చెప్పే మనిషే వెర్లిన్. తనంతట తను చెప్పడమే తెలియదు.

పెళ్లయ్యాక ఆల్వీనాకి ఒక నియమం చెప్పాడు. గోధుమ కోత పది రోజులు. ఆ పది రోజుల్లో ఏ గంటలో వడగళ్లు పడి ఏడాది కష్టం మట్టిలో కలుస్తుందో తెలియదు. అందుకని, "నేను కోత యంత్రం మీద ఉన్నప్పుడు ఇల్లు తగలబడితే తప్ప పిలవకు," అన్నాడు. అటూ ఇటూ మాట్లాడుకోవడానికి వంటింట్లో ఒక రేడియో, యంత్రంలో ఒక రేడియో ఉండేవి. పద్నాలుగు కోతలు గడిచాయి. ఇల్లు తగలబడలేదు. ఆల్వీనా పిలవలేదు.

పదిహేనో కోతలో, మధ్యాహ్నం రెండున్నరకి, పట్నం ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. సెల్మాకి గుండె బాగా బలహీనపడిందట, అయినవాళ్లు వస్తే మంచిదట. పొలంలో ఇంకా నలభై ఎకరాలు ఉంది. పడమట మబ్బు సిరాలా నల్లగా ఉంది. ఆల్వీనా రేడియో మైకు చేతిలోకి తీసుకుంది. మళ్లీ కొక్కేనికి తగిలించింది. తనే కారు వేసుకుని ఆసుపత్రికి వెళ్లింది. సెల్మా అయిదింటికి పది నిమిషాలు ముందు పోయింది. మబ్బు ఉత్తరానికి తిరిగి వేరే జిల్లాలో కురిసింది. వెర్లిన్ నలభై ఎకరాలూ కోసుకుని ఇంటికొచ్చాడు. విషయం విన్నాడు. టోపీ తీశాడు. "ప్రభువు చిత్తం," అన్నాడు. అంతే.

ఆ మర్నాటి నుంచి చరిత్రలో మూడో యుగం.

పందొమ్మిదేళ్ల పాటు ఆ విషయం ఇద్దరి మధ్యా ఒక్కసారి కూడా రాలేదు. దేవుడి దగ్గరికి మాత్రం వారానికి రెండుసార్లు వెళ్లేది. "సమయానికి పిలిచే దేవా" అని మొదలుపెట్టేవాడు వెర్లిన్. "మా ఇళ్లలో కబుర్లు ఆలస్యంగా అందుతాయి గానీ నీ దగ్గర ఆలస్యం లేదు" అనేవాడు. ఆల్వీనా తల వంచుకుని బల్లగుడ్డ మీది గళ్లు లెక్కపెట్టేది. అడ్డంగా ఇరవై రెండు. నిలువుగా ముప్పై నాలుగు.

2009 ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా సంఘ కాపరి మార్లిస్‌ని భోజనానికి పిలిచారు. మార్లిస్ నలభై ఏళ్ల మనిషి. నెబ్రాస్కాలో ఒక లారీ డ్రైవరు కూతురు. ఆ ఇంట్లో అరుపులూ కేకలూ మామూలు. పెళ్లి చేసుకుని మాలో కలిసింది. బల్ల మీద వెరెనికె కుడుములు పొగలు కక్కుతున్నాయి. వెర్లిన్ తల వంచాడు. మొదటి నిమిషం అతిథికి కృతజ్ఞత. రెండో నిమిషం వాన. నాలుగో నిమిషంలో, "కన్నవాళ్ల కడపటి ఘడియ మాకు తెలియనివ్వని ఈ లోకంలో, సమయానికి పిలిచే దేవా..." అన్నాడు.

"ఆమెన్," అంది ఆల్వీనా.

అంతవరకు మా సంఘంలో ఎవరూ ఇంకొకరి ప్రార్థనకి మధ్యలో ముగింపు చెప్పలేదు. వెర్లిన్ కళ్లు తెరిచాడు. మళ్లీ మూశాడు.

"ఇంకా, ప్రభువా..."

"ఆమెన్ అన్నాను, వెర్లిన్."

"నేనింకా ముగించలేదు."

"నేను ముగించాను."

ఆల్వీనా తన పళ్లెం తీసుకుని లేచింది. వంటగట్టు దగ్గరికి వెళ్లి, గోడ వైపు తిరిగి, నిలబడే తినడం మొదలుపెట్టింది. కిటికీ అద్దంలో ఆమె మొహం కనిపిస్తోంది. నములుతోంది గానీ అది తిండి నమిలే మొహంలా లేదు.

మార్లిస్ రెండు కుడుములు వడ్డించుకుని, "చాలా బాగా కుదిరాయి, ఆల్వీనా," అంది. కాపరులకు శిక్షణలో ఇలాంటివి నేర్పిస్తారు.

ఆ పూట మొదలు ఆల్వీనా ఆ బల్ల దగ్గర కూర్చోలేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం గట్టు దగ్గరే. మూడో రోజున ఆయనే అడిగాడు, "ఎన్నాళ్లిలా?" అని. "ఏం చెప్పాలనుకున్నావో నా మొహం చూసి చెప్పేదాకా," అంది. ఆయన ఆ రోజు ప్రార్థనలో, "ప్రభువా, నిలబడి తినేవారికి అజీర్తి రాకుండా కాపాడు," అన్నాడు. ఆల్వీనా రెండు పంపులూ తిప్పి గిన్నెలు కడిగింది. ప్రార్థన వినపడలేదు.

మా సంఘంలో ప్రభువు భోజనం, అంటే గుడి బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం, ఏడాదికి రెండుసార్లు. దానికి ముందటి ఆదివారం సిద్ధపాటు కూటం జరుగుతుంది. మగవాళ్ల వైపు నుంచి మొదలుపెట్టి, బెంచీల వరుసన ఒక్కొక్కరూ లేచి ఒకే వాక్యం చెప్పాలి. "దేవుడితోనూ, నాకు తెలిసినంతవరకు మనుషులందరితోనూ నాకు సమాధానం ఉంది. బల్లలో పాలు పొందాలని కోరుతున్నాను." నూట పన్నెండు మంది, నలభై నిమిషాలు. ఎల్డన్ ష్రాగ్‌కీ అతని తమ్ముడికీ కంచె దగ్గర మొదలైన గొడవ పన్నెండేళ్లుగా నడుస్తోంది. ఎల్డన్ ఒక్క గుక్కలో వాక్యం చెప్పి కూర్చుంటాడు. అదే బెంచీ అటు చివర తమ్ముడు ఇంకా వేగంగా చెబుతాడు. ఎవరూ నవ్వరు. సమాధానం లేదని లేచి చెప్పినవాళ్లని మాలో ఏ ముసలివాళ్లూ చూడలేదు.

ఆ మార్చిలో వెర్లిన్ తన వంతుకి లేచి, ఎప్పట్లాగే నిదానంగా, ప్రతి మాటా విడివిడిగా, వాక్యం చెప్పాడు. కాసేపటికి ఆడవాళ్ల వైపు ఆల్వీనా లేచింది.

"దేవుడితో నాకు సమాధానం ఉంది," అంది. "నా భర్తతో లేదు. ఆయనకి నాతో లేదు. పందొమ్మిదేళ్లుగా నా గురించి దేవుడికి చెబుతున్నాడు. నాకు చెప్పడం లేదు. వచ్చే వారం నేను బల్ల దగ్గరికి రాను."

కూర్చుంది. ఎవరి చెవి మిషనో సన్నగా ఈల వేసింది. తర్వాతి వంతు ముసలావిడ ఫ్రీడాది. ఆమె కంగారులో లేచి, "నాకూ అంతే," అనేసి కూర్చుని, మళ్లీ లేచి సరిదిద్దుకుంది.

వెర్లిన్ మెడ మీద మొదలైన ఎరుపు చెవుల చివరిదాకా పాకింది. వచ్చే ఆదివారం బల్ల దగ్గర రొట్టె పళ్లెం పట్టుకుని నిలబడాల్సిన మనిషి ఆయనే. బయట కోట్లు తగిలించుకునే చోట నలుగురు పెద్దమనుషులు ఆయన భుజం మీద చేయి వేసి, తమకి చాలా భారంగా ఉందన్నారు.

సోమవారం పొద్దున్నే వెర్లిన్ మార్లిస్ గదిలో ఉన్నాడు.

"ఆల్వీనాకి మీరొకసారి చెప్పి చూడండమ్మా. ప్రేమతోనే."

"మీకు కోపంగా ఉందా, వెర్లిన్ గారూ?"

"కోపమా? ఛ ఛ. కొంచెం భారం."

"ఎంత?"

"కొంచెమే."

"మీ చేతిలో నా పెన్ను విరిగింది."

వెర్లిన్ చూసుకున్నాడు. నిజంగానే విరిగింది. సిరా చొక్కా చేతికి అంటుకుంది.

"ఆవిడ అందరి ముందూ నన్ను..." అని ఆగాడు. "ముప్పై మూడేళ్లు కాపురం చేసి..." మళ్లీ ఆగాడు. "నేను ఆమెని ఒక్క మాట అనలేదు. ఒక్కటంటే ఒక్కటి. మీరే అడగండి."

"అదే కదా ఆవిడ చెప్పింది."

"నేను ప్రార్థన చేశాను!"

"మీ భార్య ఎదురుగా కూర్చుని ఆవిడ మీద ఇంకొకరికి చెప్పారు," అంది మార్లిస్. ఆమె గొంతూ పెరిగింది. నెబ్రాస్కా గొంతు. "ఆ ఇంకొకరు దేవుడే కానివ్వండి. చాడీ చాడీయే. దేవాలయంలో వ్యాపారుల బల్లలు తోసేసినప్పుడు ప్రభువు కళ్లు మూసుకుని 'తండ్రీ, వీళ్ల గురించి నాకు భారంగా ఉంది' అన్నాడా? ఎవరి మీద కోపమో వాళ్ల మొహం మీదే చెప్పాడు. సహోదరుడితో చెడితే అర్పణ పీఠం దగ్గర వదిలేసి ముందు అతని దగ్గరికి వెళ్లమన్నాడు. పీఠానికి ఫిర్యాదు చేయమనలేదు. నాలుగు వందల ఏళ్లుగా శత్రువుల్ని ప్రేమించడం నేర్చుకున్నారు కదా మీరంతా. ఒంట్లో కోపం పెట్టుకుని భార్యని ప్రేమించడం ఎలాగో ఎవరూ నేర్పలేదా?"

"మాకు అలాంటివి లేవమ్మా."

"అయితే ఇవాళ మొదలుపెట్టండి. ఒక్క వాక్యం చాలు. ఆవిడ కళ్లలోకి చూసి. అందులో 'ప్రభువా' అనే మాట ఉండకూడదు."

వెర్లిన్ ఇంటికి బయల్దేరాడు. దారి పొడుగునా మార్లిస్ మీద, ఆమెని కాపరిగా ఎన్నుకున్న సంఘం మీద, అందులో తను వేసిన ఓటు మీద కోపం వచ్చింది. భారం కాదు. ఈసారి ఆయనే గమనించాడు, అది కోపం.

ఆల్వీనా గట్టు దగ్గర నిలబడి సాసేజ్ కోసుకుంటోంది. వెర్లిన్ టోపీ తీయకుండా వంటింటి మధ్యకి వచ్చి నిలబడ్డాడు.

"ప్రభు..." అని నోరు మూసుకున్నాడు. "ఆల్వీనా."

"ఊఁ."

"నాకు..."

"ఏంటి?"

"నాకు కోపంగా ఉంది."

అరవై రెండేళ్ల మనిషి గొంతులో ఇరుక్కున్న ఎముక బయటికొచ్చినట్టు ఆ మాట వచ్చింది. ఆల్వీనా కత్తి కింద పెట్టింది.

"ఎవరి మీద?"

"నీ మీద."

"ఎందుకు?"

"నువ్వు నన్ను పిలవలేదు! మా అమ్మ పోతుంటే పిలవలేదు! మైకు గోడకే ఉంది. చేయి చాపితే అందుతుంది. నేను ఆ ముదనష్టపు గోధుమలు కోస్తున్నాను, ఆమె అక్కడ... నువ్వు పిలవలేదు!"

ఆ ఇంట్లో మొదటిసారి ఎవరో అరిచారు. గోడలకి అలవాటు లేక గాజు సామాను మోగింది. బయట కుక్క వరండా కిందికి దూరింది.

"ఇల్లు తగలబడితే తప్ప పిలవకు!" ఆల్వీనా ఇంకా గట్టిగా అరిచింది. "ఎవరన్నారు ఆ మాట? నేనా? పద్నాలుగేళ్లు ఆ మాట మెడలో కట్టుకుని తిరిగాను. ప్రసవం నొప్పులు వస్తే కూడా నా అంతట నేనే కారు నడుపుకుని వెళ్లాను, కోత అని! ఆ రోజు ఒక్కదాన్నే నిర్ణయం చేయాల్సి వచ్చింది. పిలిస్తే తప్పు, పిలవకపోతే తప్పు. ఆ చోట నన్ను నిలబెట్టింది నువ్వు. మీ అమ్మ కళ్లు మూసింది నేను. నీ పేరే పలవరించింది. 'వెర్లిన్ వస్తున్నాడా' అంది. ఏం చెప్పను? 'దారిలో ఉన్నాడత్తయ్యా' అన్నాను. చచ్చిపోతున్న మనిషికి అబద్ధం చెప్పాను, నీ కోసం. ఒక్కసారైనా అడిగావా ఆ గదిలో ఏం జరిగిందని? 'ప్రభువు చిత్తం' అన్నావు, స్నానానికి వెళ్లావు!"

వెర్లిన్ బయటికి వెళ్లిపోయాడు. పికప్ బండిలో కూర్చున్నాడు. తాళంచెవి పెట్టాడు గానీ తిప్పలేదు. అరగంట తర్వాత మళ్లీ లోపలికొచ్చాడు. ఈసారి టోపీ చేతిలో ఉంది.

"నమ్మిందా?" అని అడిగాడు.

"ఏంటి?"

"దారిలో ఉన్నానంటే. అమ్మ నమ్మిందా?"

"నమ్మింది," అంది ఆల్వీనా.

వెర్లిన్ కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కాసేపటికి, "ఇంకా కోపంగానే ఉంది," అన్నాడు.

"నాకూ ఉంది."

"మరి కూర్చుంటావా?"

"ఒక్క తగాదాకి కూర్చోను. ఇంకా చాలా ఉన్నాయి."

ఆ వసంతంలో వెర్లిన్ రొట్టె పళ్లెం పట్టలేదు. వెనక బెంచీలో ఆల్వీనా పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ బల్ల దగ్గరికి వెళ్లలేదు. మగవాళ్ల వైపు నుంచి ఆడవాళ్ల వైపుకి ఆయన మారడం కొందరికి ఇంకో భారమైంది.

ఆ తర్వాతి రెండు నెలలూ ఊరికి గడ్డుకాలం. కొత్తగా ఈల వేయడం నేర్చుకున్న పిల్లాడిలా వెర్లిన్ కనిపించినవాళ్లందరి మీదా కోపం ప్రకటించాడు. ధాన్యం గిడ్డంగి మేనేజరుతో, తేమ కొలిచే తీరు మీద తనకి కోపంగా ఉందన్నాడు. గుడిలో పాటలు నడిపించే ఆయనతో, ఆ నిదానం మీద కోపంగా ఉందన్నాడు. "నీ మీద కోపంగా ఉంది" అనగానే ఎల్డన్ ష్రాగ్ రెండు అడుగులు వెనక్కి వేసి ట్రాక్టరు చాటుకి చేరాడు.

"ఊరందరి మీదా తెచ్చుకోమన్నానా?" అంది ఆల్వీనా. "ఎవరి మీద ఉందో వాళ్లకి చెప్పు. ఉన్నంతే చెప్పు. చెప్పాక వాళ్లేం చెబుతారో కూర్చుని విను. సగం పాఠం నేర్చుకుని బడి మానేసినట్టుంది నీ వరస."

జూన్‌లో కోత మొదలైంది. మూడో రోజు పొద్దున, టిఫిన్ డబ్బా అందిస్తూ ఆల్వీనా ఆగిపోయింది.

"నీకొకటి చెప్పాలి," అంది. "నీ నియమం వల్లే ఆ రోజు పిలవలేదని అన్నాను. అది నిజమే. కానీ మొత్తం నిజం కాదు."

"ఏంటి మొత్తం?"

"మైకు చేతిలోకి తీసుకున్నాక, ఒక్క క్షణం అనుకున్నాను. పిలవను, అప్పుడైనా నీకు బుద్ధి వస్తుంది అని. అంత కోపంగా ఉండేది నీ మీద. మీ అమ్మ సాయంత్రం దాకా ఉంటుందనుకున్నాను. ఆమెని అడ్డం పెట్టి నీ మీద పగ తీర్చుకున్నాను, వెర్లిన్. నా వైపు ఉన్నది అది."

కోత యంత్రం ఇంజను నడుస్తూనే ఉంది. వెర్లిన్ మొహం గట్టిపడింది. ఆయన తండ్రి మొహం అలాగే గట్టిపడేది. ఆల్వీనా ఆ మొహం చూసి పదకొండు రోజులకి సిద్ధపడింది. ప్రార్థన అయితే ఇరవై నిమిషాలకి సిద్ధపడింది.

 వెర్లిన్ పిడికిళ్లు బిగిశాయి, వీడాయి. మళ్లీ బిగిశాయి.

"ఇది వినడం కష్టంగా ఉంది," అన్నాడు చివరికి. "ఇప్పుడు మాట్లాడితే తప్పుగా మాట్లాడతాను. పొలానికి వెళ్తాను. నాలుగింటికి వస్తాను. పారిపోవడం లేదు. తెలిసిందా? వస్తాను."

నాలుగింటికి ఇంకా ఆరెకరాలు మిగిలి ఉండగానే యంత్రం ఆపేసి వచ్చాడు. చొక్కా నిండా ఊక. పడమట మబ్బు ఉంది. ఆయన దాని వైపు చూడలేదు.

"పొద్దుటి నుంచీ తిట్టుకున్నాను," అన్నాడు. "నిన్ను కాసేపు. తర్వాత నన్ను. దేవుణ్ని కూడా, మధ్యాహ్నం. ఆయన ఏమీ అనలేదు. ఆల్వీనా, నువ్వు చేసింది తప్పు."

"అవును."

"నీకు అంత కోపం వచ్చేదాకా నేను పద్నాలుగేళ్లు కళ్లు మూసుకున్నాను. అదీ తప్పే."

"అవును."

"నీ తప్పుకి నిన్ను క్షమించాలని ఉంది. ఇవాళ కుదరడం లేదు. రేపు మళ్లీ ప్రయత్నిస్తాను."

ఆల్వీనా ఏడ్చింది. ముప్పై మూడేళ్లలో ఆయన నోటి నుంచి విన్న మాటల్లో మొదటిసారి ఒక మాట పూర్తిగా నమ్మబుద్ధి అయిందని తర్వాత అక్కతో చెప్పింది. రేపు కుదరలేదు. ఎల్లుండీ కుదరలేదు. ఆగస్టులో ఒక మంగళవారం, ఇద్దరూ మొక్కజొన్న కంకులు ఒలుస్తుండగా, "అయింది," అన్నాడు. "ఏం అయింది?" అంది. "అదే," అన్నాడు. ఆమె ఇంకో కంకి అందుకుంది. అదీ జరిగింది నిలబడే.

అక్టోబరు ప్రభువు భోజనానికి ముందు మళ్లీ సిద్ధపాటు కూటం వచ్చింది. వెర్లిన్ వంతు వచ్చింది.

"దేవుడితో నాకు సమాధానం ఉంది," అన్నాడు. "ఆల్వీనాతో ఈ పొద్దుటికి ఉంది. వచ్చే వారం సంగతి వచ్చే వారం. ఈ పందొమ్మిదేళ్లలో ముప్పై ఎనిమిదిసార్లు ఇక్కడ నిలబడి ఇదే మాట చెప్పాను. ముప్పై ఎనిమిదీ అబద్ధాలు. ఆమె ఒక్కసారి నిజం చెబితే మీకందరికీ భారమైంది. నా అబద్ధాలు ఎవరికీ భారం కాలేదు. అందుకు నాకు మీ అందరి మీదా కోపంగా ఉంది. ప్రేమతో చెప్పడం లేదు. ప్రేమ ఉంది గనక చెబుతున్నాను. అంతే."

కూర్చున్నాడు. తర్వాతి వంతు ఎల్డన్ ష్రాగ్‌ది. లేచాడు. ఎప్పటి గుక్కకి నోరు తెరిచాడు. మూశాడు. బెంచీ అటు చివరికి చూశాడు.

"నాకు లేదు," అన్నాడు. "వాడితో."

"నాకూ లేదు, వాడితో," అన్నాడు తమ్ముడు, వంతు రాకుండానే.

ఆ ఉదయం ముప్పై ఒక్కమంది తమకి సమాధానం లేదన్నారు. తర్వాతి ఆదివారం రొట్టె మూడోవంతు మిగిలింది. మా సంఘ చరిత్రలో అంత నిజాయితీగా రొట్టె మిగలడం అదే మొదలని మార్లిస్ ప్రసంగంలో చెప్పింది. వెర్లిన్, ఆల్వీనా బల్ల దగ్గరికి వెళ్లారు.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చారు. మార్లిస్‌ని కూడా పిలిచారు. ఆల్వీనా పళ్లెంలో వడ్డించుకుంది. గట్టు వైపు నడిచింది. ఆగింది. వెనక్కి తిరిగి, బల్ల దగ్గరికి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎనిమిది నెలల తర్వాత. వెర్లిన్ చేతిలో గరిట ఆగిపోయింది. ఆయన కళ్లు నిండాయి. మార్లిస్ ఊపిరి పీల్చడం మానేసింది. ఇలాంటి సమయంలో ఏదైనా గొప్ప మాట అనాలని ఇద్దరికీ అనిపించింది.

"ఆల్వీనా," అన్నాడు వెర్లిన్. "కూర్చున్నావు."

"మోకాలు," అంది ఆల్వీనా. "గురువారం నుంచి వాచింది."

నవంబరులో డాక్టరు ఆ మోకాలు మార్చాడు.